దేవుడు అంతటా ఉంటే 'సన్నిధికి రండి' అని ఎందుకు పిలుస్తారు?

ఆదివారం ఆరాధన మొదలుపెడుతూ "దేవుని సన్నిధికి వచ్చాం" అంటారు. రెండు పాటలయ్యాక "ప్రభువా, మా మధ్యకు దిగి రా" అని ప్రార్థిస్తారు. వాక్యం చెబుతూ పాస్టరుగారు "దేవుడు ఎక్కడో లేడు, నీలోనే నివాసం ఉన్నాడు" అంటారు. చివర్లో "ప్రభువు మీకు తోడై వచ్చును గాక" అని దీవించి ఇళ్లకు పంపిస్తారు. ఇవన్నీ ఒకే పూట, ఒకే మందిరంలో వినే మాటలే. మనమే ఆయన దగ్గరికి వెళ్లామా, ఆయన మన దగ్గరికి రావాలా, లేక ముందునుంచే మనలో ఉన్నాడా? శ్రద్ధగా వినేవాళ్లకే ఈ అనుమానం వస్తుంది. అడిగితే అవిశ్వాసం అనుకుంటారేమో అని చాలామంది మనసులోనే ఉంచుకుంటారు.

2020 లాక్‌డౌన్‌తో ఈ అనుమానం బయటపడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువులకీ పనులకీ విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై వెళ్లిన పిల్లలు ఇప్పుడు సొంత ఊరి ఆరాధనను ఫోన్‌లో లైవ్ చూస్తున్నారు. "దేవుడు నా రూములోనూ ఉన్నాడు కదమ్మా, చర్చికి వెళ్లకపోతే ఏమైంది?" అని కొడుకు అడుగుతాడు. అది సరికాదని తల్లికి అనిపిస్తుంది గానీ ఎందుకు సరికాదో చెప్పడానికి మాట దొరకదు. పైగా మన వైపు ఒక్కోసారి ఒకే ఇంట్లో నాయనమ్మ బాప్టిస్టు, కోడలు కాథలిక్కుల ఇంటి ఆడపిల్ల, మనవడు పెంతెకొస్తు సహవాసానికి వెళ్లే కుర్రాడు. 'దేవుని సన్నిధి' అని ముగ్గురూ అంటారు, కానీ ముగ్గురూ అనుకునేది ఒకటే కాదు. గందరగోళమంతా అక్కడే ఉంది.

అంతటా ఉండడం, వచ్చి కాపురం ఉండడం

దేవుడు సర్వవ్యాపి అనే విషయంలో సంఘాల మధ్య తగువు లేదు. ఆకాశానికి ఎక్కినా, పాతాళంలో పండుకున్నా నువ్వు అక్కడ ఉన్నావు అని 139వ కీర్తన చెబుతుంది. భూమిని, ఆకాశాన్ని నింపేవాణ్ని నేనే కదా అని యిర్మీయా 23లో దేవుడే అడుగుతాడు. ఈ అర్థంలో ఆయన లేని చోటు లేదు. అరసవల్లి రోడ్డు మీదా ఉన్నాడు, వంశధార ఇసుకలోనూ ఉన్నాడు, ఆయన్ని నమ్మని మనిషి ఇంట్లోనూ ఉన్నాడు.

బైబిలు అక్కడితో ఆగితే మన ప్రశ్నే పుట్టదు. కానీ అదే బైబిలు దేవుడు ఒక ప్రజ మధ్య 'నివసిస్తాను' అన్నాడని కూడా చెబుతుంది. ఇది ఉనికి గురించిన మాట కాదు, బంధం గురించిన మాట. ఊళ్లో సువార్త కూటాల్లో చెప్పే పోలిక ఒకటుంది: భూమి అడుగున నీరు అంతటా ఉంటుంది, కానీ దాహమైతే నూతి దగ్గరికే వెళ్తాం. పోలిక బాగానే ఉంది గానీ ఒక చోట తప్పుతుంది. నుయ్యి మనిషి తవ్వుకుంటాడు. బైబిల్లో మాత్రం ఎక్కడ, ఎవరితో ఉండాలో నిర్ణయించేది దేవుడే.

మందిరం కట్టించిన సొలొమోనుకి ఈ తేడా బాగా తెలుసు. ప్రతిష్ఠ రోజున, అంత ఖర్చుపెట్టి కట్టిన గుడి ముందే నిలబడి "ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు" అని ప్రార్థించాడు (1 రాజులు 8). ఈ కట్టడంలో నువ్వు పట్టవు, అయినా ఇక్కడ నా మొర విను అన్నాడు. పట్టడు అన్నదీ నిజమే, ఇక్కడ వింటాడు అన్నదీ నిజమే. రెండిట్లో ఒకటి వదిలేసినప్పుడల్లా క్రైస్తవ చరిత్రలో తగువు పుట్టింది.

గుడారం నుంచి మనుషుల దాకా

ఈ కథకి బైబిల్లో ఒక వరస ఉంది. అది తెలిస్తే ఆదివారం నాటి మాటలు సగం విడిపోతాయి.

ఐగుప్తు నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులతో దేవుడు "నేను వారిలో నివసించునట్లు వారు నాకు పరిశుద్ధస్థలమును నిర్మింపవలెను" అన్నాడు (నిర్గమ 25:8). దానిలో అనలేదు, వారిలో అన్నాడు. గుడారం ఎక్కడ వేయాలో కూడా చెప్పాడు. దిక్కుకి మూడు గోత్రాల చొప్పున నాలుగు దిక్కులా పన్నెండు గోత్రాల డేరాలు, నట్టనడుమ ప్రత్యక్షపు గుడారం. జనం కదిలితే అదీ కదులుతుంది. బంగారు దూడ పాపం తర్వాత దేవుడు దూతను పంపుతాను, నేను మాత్రం మీతో రాను అన్నప్పుడు మోషే ఒప్పుకోలేదు. "నీ సన్నిధి రానియెడల ఇక్కడనుండి మమ్మును తోడుకొని పోకుము" అని పట్టుబట్టాడు. వాగ్దానం చేసిన దేశం దొరికినా ఆయన లేకపోతే వద్దు అన్న ఆ మనిషి మాట నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

తర్వాత యెరూషలేములో రాతి గుడి. లోపల అతిపరిశుద్ధస్థలం, ఏడాదికి ఒక్కసారి ప్రధానయాజకుడు ఒక్కడే వెళ్లే గది. ప్రజలు అన్యాయం మానకపోతే దేవుని మహిమ గుడిని విడిచి గడప దాటి, తూర్పు గుమ్మం దాటి వెళ్లిపోవడం యెహెజ్కేలు దర్శనంలో చూశాడు. క్రీస్తుకు పూర్వం 586లో బబులోను సైన్యం ఆ గుడిని కాల్చేసింది. గుడి ఉన్నంత మాత్రాన దేవుడు ఉన్నట్టు కాదని ఆ తరం అలా నేర్చుకుంది.

కొత్త నిబంధనలో చోటు మారుతుంది. వాక్యము శరీరధారియై "మన మధ్య నివసించెను" అని యోహాను రాశాడు. ఈ దేవాలయాన్ని పడగొట్టండి, మూడు రోజుల్లో లేపుతాను అని యేసు అన్నది తన శరీరం గురించేనని కూడా ఆయనే వివరించాడు. ఆరాధించాల్సింది ఈ కొండ మీదా, యెరూషలేములోనా అని అడిగిన సమరయ స్త్రీకి, రెండూ కాని కాలం వస్తోందని యేసు చెప్పాడు. పెంతెకొస్తు పండుగ రోజున పరిశుద్ధాత్మ దిగింది గుడి మీద కాదు, ఒక ఇంట్లో కూర్చున్న మనుషుల మీద. క్రీస్తు శకం 70లో రోమన్లు, అదే చోట తిరిగి కట్టిన రెండో గుడిని కూడా కూల్చే నాటికి సంఘాలు ఇళ్లలో కూడుకుంటూనే ఉన్నాయి.

చివరి పుస్తకంలో ఒక వివరం చాలామంది గమనించరు. సొలొమోను గుడిలో అతిపరిశుద్ధస్థలం పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవయ్యేసి మూరలు. ప్రకటన 21లో కొత్త యెరూషలేము కొలతలూ అలాగే, మూడు వైపులా సమానం. ఆ పట్టణంలో వేరే గుడి లేదు. ఒకప్పుడు ఒక్క మనిషి ఒక్క రోజు అడుగుపెట్టిన గది, అక్కడ జనమంతా బతికే ఊరైంది.

'మీరు దేవుని ఆలయం' అన్నది ఎవరితో?

"మీరు దేవుని ఆలయమై యున్నారనియు, దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడనియు మీరెరుగరా?" (1 కొరింథీ 3:16). దీని వెంటనే, దేవుని ఆలయాన్ని పాడుచేసేవాణ్ని దేవుడు పాడుచేస్తాడు అనే హెచ్చరిక ఉంటుంది. మన దగ్గర ఈ వచనం ఎక్కువగా వినబడేది సిగరెట్టు, సారా మానమని చెప్పేటప్పుడు. ఆ బుద్ధి మంచిదే, కానీ ఆ అధ్యాయంలో, ఈ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు తిట్టింది తాగుడు గురించి కాదు. కొరింథు సంఘం ముఠాలుగా చీలింది. నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషిని అని కొట్టుకుంటున్నారు. మీరంతా కలిసి ఒక ఆలయం, దాన్ని చీల్చేవాడు ఆలయాన్ని కూల్చేవాడే అన్నది పౌలు వాదన.

ఒక్కొక్కరి ఒళ్లు ఆలయం అన్న మాట మూడు అధ్యాయాల తర్వాత, ఆరులో వస్తుంది. అక్కడ విషయం వ్యభిచారం. మీ దేహం పరిశుద్ధాత్మకు ఆలయం, మీరు మీ సొత్తు కాదు అంటాడు. అంటే రెండూ ఉన్నాయి: విశ్వాసి ఒంటరిగా ఉన్నా ఆత్మ అతనిలో ఉంటాడు, విశ్వాసులు కూడితే ఆ కూటమి మొత్తం ఒక నివాసం. ఎఫెసీ పత్రికలో 'కట్టబడుచున్నారు' అన్నదీ, పేతురు 'సజీవమైన రాళ్లు' అన్నదీ ఈ రెండో అర్థంలోనే. ఒక్క రాయిని ఇల్లు అనరు.

దీన్ని మన ఊరి లెక్కలో చూద్దాం. టెక్కలి వైపు ఒక పల్లె సంఘం అనుకోండి. కమిటీ ఎన్నికల్లో రెండు వర్గాలయ్యాయి. మందిరం తాళం ఒకరి దగ్గర, మైకు సెట్టు ఇంకొకరి దగ్గర. రెండు వర్గాల్లోనూ పొగతాగేవాళ్లు ఎవరూ లేరు, ఉపవాస ప్రార్థనలు తప్పనివాళ్లే. ఆరో అధ్యాయం ప్రకారం వాళ్లలో ఎవరికీ వంక పెట్టలేం. మూడో అధ్యాయం ప్రకారం వాళ్లు చేస్తున్నది ఆలయాన్ని కూలగొట్టడమే.

కొరింథులో ఇంకో సంగతి జరిగింది. ప్రభువు బల్ల కోసం, అంటే యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణ కోసం కూడినప్పుడు, ఉన్నవాళ్లు ముందే తిని తాగేసేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో మిగిలేవాళ్లు. లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారా అని పౌలు కోప్పడ్డాడు. మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదు అనేశాడు. యాకోబు పత్రికలోనైతే బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టల పేదవాడికి 'అక్కడ నిలువు' అన్న మాట. తెలుగు సంఘాలకు ఈ మాటలు పరాయివి కావు. చందా ఎక్కువ ఇచ్చినవాళ్లకి ముందు వరస కుర్చీలు, కూలి నుంచి వచ్చినవాళ్లకి వెనక చాప. ఒక కులం వాళ్లది ఒక మందిరం, పక్క వీధి వాళ్లది వేరే మందిరం. సన్నిధి గురించిన చర్చ పాటలూ అనుభూతుల దగ్గరే ఆగిపోవడం వల్ల ఈ వైపు చూపు తగ్గిందని నేను అనుకుంటాను. కొత్త నిబంధన మాత్రం ఎక్కువ బరువు ఇక్కడే పెట్టింది.

బల్ల దగ్గర ఏం జరుగుతుంది: మూడు సమాధానాలు

ఉత్తరాంధ్రకి క్రైస్తవం ఒకే దారిలో రాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నంలో దిగి బైబిలు తెలుగు అనువాదం మొదలుపెట్టారు. 1846లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు అదే విశాఖపట్నం చేరి కాథలిక్ విచారణలు (స్థానిక సంఘాలు) నెలకొల్పారు. శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనం (బిషప్ పరిధి) అయింది 1993లో. 1870ల నుంచి కెనడా బాప్టిస్టులు భీమిలి, బొబ్బిలి, అప్పట్లో చికాకోల్ అనే శ్రీకాకుళం కేంద్రాలుగా పనిచేశారు. సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్లు వచ్చారు. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఆ తర్వాతివి.

కాథలిక్కుల నమ్మకం ప్రకారం దివ్యపూజలో రొట్టె, ద్రాక్షారసం చూపుకీ రుచికీ అలాగే ఉన్నా, వాటి సారం క్రీస్తు శరీర రక్తాలుగా మారుతుంది. 1215 నాటి లాటెరన్ సభ, 1551లో ట్రెంట్ సభ దీన్ని స్థిరపరిచాయి. పూజ అయిపోయాక మిగిలిన దివ్యసత్ప్రసాదాన్ని, అంటే ఆ రొట్టెను, పీఠం దగ్గర పేటికలో భద్రపరచి, పక్కన దీపం వెలిగించి ఉంచేది అందుకే. ఆ దీపం చూసి మోకాలు వంచే అమ్మమ్మ గోడకి మొక్కడం లేదు, క్రీస్తు అక్కడ ఉన్నాడని నమ్మి మొక్కుతోంది. అలాగని కాథలిక్కులు ఆయన అక్కడ మాత్రమే ఉన్నాడని అనరు. 1963 నాటి రెండో వాటికన్ సభ పత్రం, వాక్యం చదివేటప్పుడూ, సంఘం కూడి ప్రార్థించి పాడేటప్పుడూ క్రీస్తు ఉన్నాడని చెప్పి, తన పేరున ఇద్దరు ముగ్గురు కూడితే వాళ్ల మధ్య ఉంటానని యేసు చెప్పిన వచనాన్నే చూపించింది.

బాప్టిస్టులు "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అన్న మాట పట్టుకుంటారు. రొట్టె రొట్టెగానే ఉంటుంది. ఆత్మ ద్వారా ప్రభువు ఆ కూటమిలో ఉంటాడు. కాథలిక్కులు దీన్ని ఉత్త గుర్తుగా తగ్గించడం అంటారు, బాప్టిస్టులు వాళ్లది వస్తువుకి దైవత్వం కట్టడం అంటారు. రెండు వైపులా వచనాలున్నాయి. "ఇది నా శరీరము" అన్నదీ యేసే. మనం విరిచే రొట్టె క్రీస్తు శరీరంలో పాలుపుచ్చుకోవడమే కదా అని పౌలు అడిగిన ప్రశ్న ఉత్త జ్ఞాపకం కన్నా పెద్దదే.

లూథరన్ల సమాధానం మధ్యలో ఉంటుంది: రొట్టె మారదు, కానీ దానిలో, దానితో, దాని కింద క్రీస్తు నిజంగా ఉన్నాడు. 1529లో మార్బర్గ్ కోటలో సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ముఖాముఖి కూర్చుని పద్నాలుగు అంశాల మీద ఏకమయ్యారు. పదిహేనోది ప్రభువు బల్ల. అందులోనూ చాలా దూరం కలిసి నడిచి, క్రీస్తు శరీరం శారీరకంగా అక్కడ ఉందా అన్న ఒక్క మాట దగ్గర విడిపోయారు. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని రాసి దాని దగ్గరే నిలబడ్డాడని చెబుతారు. ఆ చీలిక ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

'ఈ రోజు సన్నిధి బలంగా ఉంది' అన్నప్పుడు

పెంతెకొస్తు ఆరాధనలో ఎక్కువగా వినబడే మాట ఇది. ఇక్కడ 'సన్నిధి' అంటే దేవుడు ఉండడం కాదు, ఉన్నట్టు తెలిసిరావడం. కన్నీళ్లు, ఒళ్లు జలదరించడం, భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడడం), స్వస్థతలు. 'దిగి రా' అన్న ప్రార్థన కూడా ఇదే అర్థంలో. ఆయన లేడని కాదు, తెలిసేలా పనిచేయమని. దీనికి ఆధారం లేకపోలేదు: సొలొమోను గుడి మేఘంతో నిండి యాజకులు నిలబడలేకపోయారు, పెంతెకొస్తు రోజున గాలి ధ్వని, అగ్ని నాలుకలు కనబడ్డాయి.

పేచీ రెండు చోట్ల వస్తుంది. మొదటిది, ఆత్మ బాప్తిస్మం నమ్మకం తర్వాత వేరుగా వచ్చే అనుభవమని, భాషలు దానికి గుర్తని చాలా పెంతెకొస్తు సంఘాలు బోధిస్తాయి. క్రీస్తు ఆత్మ లేనివాడు ఆయనవాడే కాడన్న రోమా 8:9 చూపించి, నమ్మిన ప్రతివాడిలోనూ ఆత్మ అప్పుడే ఉన్నాడని బాప్టిస్టులు అంటారు. రెండోది, కీబోర్డు, పెద్ద స్పీకర్లు, ఊగే జనం తెచ్చే ఉద్రేకాన్ని దేవుడని పొరపడుతున్నామా అన్న భయం. అనుభవం లేని భక్తి ఎండిపోతుందని పెంతెకొస్తు వాళ్లు జవాబిస్తారు. నిజంగానే ఎండిపోయిన సంఘాలు అందరికీ తెలుసు.

ప్రవక్త ఏలీయా కథ ఇద్దరికీ ఉపయోగపడుతుంది. కొండలు బద్దలుచేసే గాలిలో యెహోవా లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు. ఆ తర్వాత మెల్లని స్వరం వచ్చింది. అదే దేవుడు కర్మెలు కొండ మీద అగ్నితోనే జవాబిచ్చాడు, అది ఒక్క అధ్యాయం ముందే. కాబట్టి గట్టి శబ్దాన్ని బట్టి ఉన్నాడనీ చెప్పలేం, నిశ్శబ్దాన్ని బట్టి లేడనీ చెప్పలేం. ఏమీ అనిపించక టెన్షన్ పడే విశ్వాసికి ఇది ముఖ్యం. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది, అయినా అది దేవుడితో మాట్లాడిన ప్రార్థనే.

పైకప్పు ఎగిరిపోతే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ గాలికి ఒక రేకుల ప్రార్థనా మందిరం కప్పు లేచిపోయిందనుకుందాం. తర్వాతి ఆదివారం టార్పాలిన్ కింద కూడితే అది తక్కువ ఆరాధనా? బాప్టిస్టులూ పెంతెకొస్తు వాళ్లూ కాదంటారు, సంఘం అంటే మనుషులే కాబట్టి. కాథలిక్కులూ పూజ ఎక్కడైనా జరగొచ్చంటారు, కానీ ముందు సత్ప్రసాద పేటికను భద్రమైన చోటికి చేర్చమంటారు.

అలాగని బాప్టిస్టులు మందిరాన్ని ఉత్త హాలుగా చూస్తారా? చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. అమ్మలు కొంగు తలమీదికి తీసుకుంటారు. ప్రసంగ వేదిక మీదికి పిల్లలు ఎక్కితే దింపేస్తారు. సిద్ధాంతం గోడలకు పవిత్రత లేదంటుంది, అలవాటు ఉందంటుంది. ఇది వంచన కాదు. తరాలుగా ఏడ్చి ప్రార్థించిన చోటును, తల్లిదండ్రుల పెళ్లిళ్లూ భూస్థాపన ప్రార్థనలూ జరిగిన చోటును మనిషి ఇంకోలా చూడలేడు. పాత నిబంధనలోని యాకోబు కూడా తలకింద పెట్టుకున్న రాయిని నిలబెట్టి నూనె పోసి, ఆ చోటికి బేతేలు (దేవుని ఇల్లు) అని పేరు పెట్టాడు.

ఫోన్‌లో లైవ్, వేరావల్ బోటు, మంచం పట్టిన పెద్దమ్మ

ఇప్పుడు కొడుకు అడిగిన ప్రశ్నకి వద్దాం. నా రూములో దేవుడు ఉన్నాడా? ఉన్నాడు, సర్వవ్యాపిగా. విశ్వాసివైతే నీలో ఆత్మగా కూడా ఉన్నాడు. లైవ్‌లో వాక్యం విని కన్నీళ్లు పెట్టుకున్నావా? అదీ నిజమైన అనుభవమే కావచ్చు. లేనిది 1 కొరింథీ మూడో అధ్యాయంలోని సంగతి: నీ కష్టం పక్కవాడికి తెలియదు, పక్కవాడి ఆకలి నీకు తెలియదు, నీతో ఎవరికీ గొడవ రాదు కాబట్టి క్షమించే అవసరమూ రాదు. సమాజముగా కూడడం మానవద్దని హెబ్రీ 10:25 అన్నది ఒకరినొకరు పురికొల్పుకోవడం గురించి చెబుతూనే.

శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి బోటు మీద ఉండే కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లలో విశ్వాసులు ముగ్గురుంటే, వల లాగాక కూర్చుని ఒక పాట పాడి ప్రార్థిస్తే, "ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడియుందురో" అన్న మాట వాళ్లకి వర్తిస్తుందా? వర్తిస్తుందనే అన్ని సంఘాలూ అంటాయి. కాకపోతే మత్తయి 18లో ఆ వచనం తప్పు చేసిన సహోదరుణ్ని ఎలా సరిదిద్ది కలుపుకోవాలో చెప్పే చోట వస్తుంది. బోటు మీద తగువు పడ్డ ఇద్దరు మాట కలుపుకోవడం కూడా ఆ వాగ్దానంలో భాగమే. కాథలిక్ కుర్రాడైతే తనకి సత్ప్రసాదం అందని లోటు మిగిలే ఉందంటాడు. ఒడ్డుకి రాగానే గుడి వెతుక్కుంటాడు.

ఇక కదల్లేని పెద్దమ్మ. కాథలిక్ విచారణైతే ఫాదరుగారో, ఆ పని అప్పగించిన సిస్టరో దివ్యసత్ప్రసాదం ఇంటికి తెచ్చి నోటికి అందిస్తారు. బాప్టిస్టు సంఘమైతే బల్ల ఆచరించిన ఆదివారం సాయంత్రం పాస్టరుగారూ ఇద్దరు పెద్దలూ రొట్టె, చిన్న గ్లాసులో ద్రాక్షారసం పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుని పాత కీర్తన ఒకటి పాడతారు. పెంతెకొస్తు వాళ్లు యాకోబు 5లో ఉన్నట్టు నూనె రాసి, తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. క్రీస్తు సత్ప్రసాదంలో వచ్చాడని ఒకరు, సంఘంగా వచ్చాడని ఒకరు, ఆత్మ శక్తితో వచ్చాడని ఒకరు వివరిస్తారు. ఫోన్‌లో లైవ్ వస్తోంది కదా, ఇక మేం రానక్కర్లేదు అని మాత్రం ముగ్గురిలో ఎవరూ ఆమెతో అనరు.